ఉత్త నీళ్లు తాగిన ఎలుక

డెబ్బైల చివర్లో తిరుపతిలో నేను పరిశోధన చేస్తున్నప్పుడు మా మేడమ్‌ది ఒకటే ప్రశ్న. కిడ్నీలు చెడిన ఎలుకలకు గలిజేరు ఆకు రసం పట్టించి, కిడ్నీలో మచ్చ కట్టడం తగ్గిందేమోనని సూక్ష్మదర్శినిలో చూసేవాళ్లం. తగ్గిందని మేం గంతులేస్తే, ఆమె కళ్లజోడు నుదుటి మీదికి తోసి అడిగేవారు: "ఉత్త నీళ్లు తాగిన ఎలుక సంగతేందబ్బా?" మందు తాగని ఎలుకతో పోల్చి చూడందే ఏదీ నమ్మేవారు కాదు. బస్టాండులో లేహ్యం అమ్మేవాణ్ని కూడా అలాగే నిలదీసి, వాడి బేరం చెడగొట్టారు.

ఒక ఏడు మేడమ్ వాళ్ల నాయనకే కిడ్నీ జబ్బు చేసి కాళ్లు వాచాయి. ఆస్పత్రి మాత్రలతో పాటు ఇంట్లో గలిజేరు కూర కూడా పెట్టారు. నెల తిరక్కుండా వాపు దిగిపోయింది.

"మేడమ్, మన గలిజేరు పనిచేసింది! ఇది రాసేద్దాం," అన్నాను.

ఆమె కళ్లజోడు పైకి తోశారు.

"గలిజేరు తినని ఇంకో నాయన యాడుండాడబ్బా నాకు?"

ఒక్క ముక్క రాయనివ్వలేదు. సాయంత్రం మాత్రం ప్రయోగశాల వెనక వంగి, నాయన కోసం లేత గలిజేరు తుంచి కొంగులో వేసుకుంటూ కనిపించారు.