తడి అంగి

మా ఇంట్ల బట్టలు ఉతికినంక ఏదో నీలం లిక్విడ్‌ల ముంచుతరు. దాంతోని నా అంగీలన్నీ పూల దుకాణం లెక్క గుప్పుమంటయి. బట్టకు బట్ట వాసన ఉంటే సాలదా అని ఎన్నిసార్లు అన్నా ఇనేటోళ్లు లేరు. కెమిస్ట్రీ సారువి, నీకు వాసనలు కొత్తనా అంటది మా ఇంటామె. కొత్త కాదు. అదే బాధ.

ఒక అంగి వాసన ఏండ్ల సంది నా ముక్కుల కూసున్నది. దాని కింద నేను ఆడిన అబద్ధం ఒకటున్నది. బరువు మోసుడు అలవాటైతదంటరు. కాలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గందుకే చెప్తున్న.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతి. నల్లగొండల ఒక ప్రైవేట్ కాలేజీల కెమిస్ట్రీ చెప్తుంటి. మర్రిగూడ దిక్కు మాకు పత్తిచేను. బాపుకు మోకాళ్లు పట్టేసినంక అది నా మీద వడ్డది. ఆదివారం రైతును, మిగిలిన దినాలు సారును. రెండిట్ల ఏదీ సరిగ రాదని అప్పటికింకా ఎవరూ కనిపెట్టలే.

ఆ ఏడు పత్తికి పురుగు వట్టి చావలే. ఒక మందుకు చావనిది రెండు కలిపితే చస్తదని మా దిక్కు అందరూ చేసేదే. కలపొద్దని డబ్బా మీద చిన్న అక్షరాలతోని రాసి ఉంటది. చదువుకున్నోన్ని గద, చదవలే. నేనే కలిపిన. కొట్టేటోడు యాదయ్య, మా చేన్ల ఎప్పటిసందో పనిచేసే మనిషి. ఆయన వీపుకు కట్టుకున్న పంపు మూతకాడ కారుతుండె. కొత్త వాషర్ తెస్తనని చెప్పుడు, మర్చిపోవుడు, ఆ వానాకాలమంత నా పని గదే. యాదయ్య మూత కింద పాలితీన్ కవర్ చుట్టి పని ఎల్లదీసిండు. కారిందంత వీపు మీదికే. సల్లగ ఏసీ వెట్టినట్టుంది సారూ అని నవ్విండు. నేను గూడ నవ్విన.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి సాళ్ల నడుమ కూలవడ్డడు. నోట్ల నురుగు. ఒళ్లంత చెమట. కంటిపాపలు సూదిమొనలంత. గివన్నీ నేను క్లాసుల చెప్పేటియే. కదులుమని నరం కండకు చెప్తది. కదిలినంక ఆ మాటను తుడిచేసే ఎంజైమ్ ఒకటి ఒంట్ల ఉంటది. పురుగుల మందు పోయి దాన్ని పట్టుకుంటది. ఇగ ఆ మాట ఆగదు. కండలు అదురుతనే ఉంటయి, నోరు, కండ్లు, ఊపిరితిత్తులు ఊరుతనే ఉంటయి, బయట చుక్క నీళ్లు లేకున్నా మనిషి లోపలి నీళ్లల్ల మునుగుతడు. దానికి మందు నోట్లకే పోవాల్నని లేదు. చెమట వట్టిన తోలు చాలు. గిదంత నాకు తెలుసు. పరీక్షల అడిగితే మార్కులు గూడ వస్తుండె.

దవాఖానల డ్యూటీ డాక్టర్ నా మొకం దిక్కు చూడలే.

"తాగిండా?"

"అవ్ సార్."

గంతే.

మా దిక్కు పురుగుల మందు వాసనతోని దవాఖానకు వచ్చినోడంటే తాగినోడే. ఆయన అలవాటు కొద్ది అడిగిండు. నేనెందుకు అవ్ అన్న? కేసయితదని భయమా? ఆ రెండు డబ్బాలు ఎవరు కలిపిండ్రని అడుగుతరనా? ఇన్నేండ్లు తవ్వుకుంటే దొరికింది మాత్రం జరంత కారణమే. లేదు అంటే ఇంకో ప్రశ్న వస్తది. అవ్ అంటే రాదు.

తాగిండన్నంక ముక్కుల పైపేసి కడుపు కడిగిండ్రు. కడుపుల ఏముంది, పొద్దటి గట్క తప్ప. మందేమో వీపు మీదున్నది. తడి అంగి ఒంటి మీదనే ఉన్నది. ఒకదిక్కు సూదులతోని ఆ ఎంజైమ్‌ను మందు పట్టుల నుంచి ఇడిపిస్తుంటే, ఇంకోదిక్కు అంగి వీపుకు మందు తాపుతాంది. నేను మంచం కాళ్లకాడ నిలవడి చూస్తున్న. అంగి ఇప్పుండ్రి, సబ్బుతోని వీపు కడుగుండ్రి అనాలె. అంటే, తాగినోని వీపు ఎందుకు తడిసిందని అడుగుతరు. నోరు తెరవలే. పొద్దుగూకినంక ఒక నర్సమ్మ తన చేతులు మండుతున్నయని గులుగుకుంట, కత్తెర వెట్టి ఆ అంగిని కోసి అవతలేసింది.

యాదయ్య బతికిండు. కొన్నాళ్లకు పాదాలు వడిపోయినయి. ఇప్పటికీ నడిస్తే కాలివేళ్లు నేలకు రాసుకుంటయి. నేను తాగలే అని కనవడ్డోళ్లకల్ల చెప్పిండు. తాగినోడు ఎవడన్న తాగిన్నంటడా? అయిందేదో అయింది, ఫికర్ చెయ్యకని ఊరంత ఆయనకే ధైర్యం చెప్పింది. దవాఖానల చెప్పింది చదువుకున్న సారు గద మరి.

ఆయన తల్లి మాత్రం కోడలు సైదమ్మను పట్టుకున్నది. ఆ పొద్దుగాల మొగడు పెండ్లాల నడుమ ఏదో చిన్న లొల్లి అయ్యిందట. నీ నోటికే నా కొడుకు మందు తాగిండని అప్పటిసంది అంటనే ఉన్నది. బువ్వ పెట్టినా అంటది, పెట్టకున్నా అంటది. సైదమ్మ మొగన్ని ఒక్క మాట అనుడు బంద్ వెట్టింది. ఇంట్ల ఎలుకల మందు గూడ ఉంచదు. తాగని మనిషికి కావలి కాస్తాంది.

మరి నేనేం చేసిన? యాదయ్య పింఛన్ కోసం ఆఫీసుల పొంటి తిరిగిన. పండుగకు బట్టలు వెట్టిన. ఊర్ల నన్ను మంచోడంటరు. అంతకంటే పెద్ద శిక్ష ఉంటదా అని అప్పుడప్పుడు అనుకుంట. ఉంటది. యాదయ్య లేచి నాలుగడుగులు ఏస్తే కనవడ్తది.

మొన్న వాళ్లింటికి పోయిన. యాదయ్య ఇంట్ల లేడు. సైదమ్మ వాకిట్ల కూసోని చింతపండుల గింజలు తీస్తాంది. ముసలామె గోడ అవతల అరుగు మీద ఉన్నది. నేను సైదమ్మ పక్కకు గొంతుకూసోని, గొంతు తగ్గించి, అంత చెప్పిన. మందు కలిపింది, మూత కారింది, అంగి, అవ్ సార్ అన్నది. చెప్తుంటే రొమ్ముల బండ జర కదిలింది. కదిలినందుకు సిగ్గయింది. ఆమె ఏడుస్తదనుకున్న. తిడ్తదనుకున్న, తిడితే బాగుండనుకున్న. చేతిల గింజ గిన్నెల ఏసి నా దిక్కు చూసింది.

"ఇంత చిన్నగ ఎందుకు చెప్తున్నవ్ సారూ? మా అత్తకు ఇనవడేటట్టు చెప్పు."