కమలక్క ఫ్రిజ్‌లో జాకీ గిన్నె

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డాను. మణుగూరు నుంచి నర్సయ్య బావ ఫోన్.

"టీచరమ్మా... కమల పోయింది."

అంతే అన్నాడు. కళ్లముందే పాలు పొంగిపోయాయి.

మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నా మోకాళ్లకి ఏ నూనె రాయాలో పెద్ద క్లాస్ పీకింది. ఆ మనిషి నిద్రలోనే వెళ్లిపోయిందంటే ఎలా నమ్మాలి?

నిన్న వెళ్లి ఆఖరిసారి చూసి వచ్చాను. ఇవాళ ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

ఇక్కడున్న చాలామందికి కమలక్క తెలియదు. ఎనభైల చివర్లో మధిర నుంచి టీచర్‌గా మణుగూరు వెళ్లాను. గని కార్మికుల ఇళ్ల లైన్లో ఒక గది కిరాయికి దొరికింది. పక్కిల్లే కమలక్క, ఆమె భర్త నర్సయ్య బావలది. బావ గనిలో ఫిట్టర్. ఆ ఊళ్లో నాకు ఒక్క చుట్టం లేడు. వారం తిరక్కుండానే అక్క దొరికింది.

లైన్ మొత్తానికి ఒకటే ఫ్రిజ్, అది అక్కది. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్న ఓ ఆఫీసర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ప్రతి శుక్రవారం దాన్ని తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. అందులో నీచు పెట్టడానికి వీల్లేదు. బావ చేపలు తెస్తే ఆ పూటకే తినెయ్యాలి. మిగిలితే పక్కింటికి.

ఆ పక్కిల్లు నాదే కాబట్టి నాకేం కంప్లయింట్ లేదు.

ఎండాకాలం వస్తే మాత్రం ఆ ఫ్రీజర్ కుక్కలది. పొద్దున అన్నం వార్చిన గంజి చల్లార్చి, మజ్జిగ కలిపి, స్టీలు గిన్నెల్లో పోసి పెట్టేది. నాలుగింటికి గిన్నె అడుగు నీళ్లలో ముంచి బోర్లిస్తే, తెల్లటి గడ్డ టప్పుమని ఊడిపడేది. లైన్లో కుక్కలన్నీ ఆ టైమ్‌కి హాజరు. "మనుషులకు దిక్కులేదు గానీ కుక్కలకు ఐస్‌ఫ్రూటా!" అని అందరూ ఏడిపించేవాళ్లు. అక్క పట్టించుకునేది కాదు.

నా గుమ్మంలో పడుకునే ఎర్ర కుక్క జాకీకి స్పెషల్‌గా రెండు గడ్డలు.

ఒక మే నెలలో జాకీ తిండి మానేశాడు. రెండు రోజులు ఏమీ ముట్టలేదు. నోటి నుంచి ఒకటే చొంగ. తల నిమరబోతే నా మీదికే వచ్చాడు. భయపడి, వాణ్ని వరండాలోనే ఉంచి బయట నుంచి గ్రిల్ గేటు వేసేశాను.

అంతకు నెల ముందే పక్క లైన్లో పిచ్చికుక్క ఒకాయన్ని కరిచింది. బొడ్డు చుట్టూ ఆయన వేయించుకున్న ఇంజెక్షన్లు అందరికీ గుర్తున్నాయి. పొద్దున్నే నలుగురు కర్రలు పట్టుకుని వచ్చారు. వాళ్లది తప్పని ఇప్పటికీ అనను. పిల్లలు తిరిగే లైన్ అది.

నేను ఏడుస్తూ నిలబడ్డాను తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

అక్క ముందురోజు మిగిలిన గంజి గడ్డ తెచ్చి, గ్రిల్ కింద నుంచి కర్రతో లోపలికి నెట్టింది. జాకీ మొహం తిప్పుకున్నాడు.

"చూసినవా కమలమ్మా, నీళ్లంటనే భయపడుతున్నది" అన్నారు వాళ్లు.

అక్క గేటుకి అడ్డం నిలబడింది.

"మీరు డ్యూటీకి పోయి రాండ్రి. నాలుగింటిదాక టైమియ్యండ్రి. అప్పటికీ ముట్టకపోతే నేనేమనను."

వాళ్లు వెళ్లగానే బావని మటన్ కొట్టుకి పంపింది. ఎముకలు ఉడకబెట్టి, ఆ రసం వడగట్టి చల్లార్చింది. బొట్టు పెట్టిన ఆ ఫ్రిజ్ తలుపు తీసి, తన చేత్తోనే గిన్నె లోపల పెట్టింది.

ఆ రోజు శుక్రవారం కూడా.

బావ నోరు తెరిచాడు. "రెండేండ్ల సంది నాకు ఒక్క చేపముక్క పెట్టనియ్యలె. జాకీగానికి బొక్కల రసమా?"

"నువ్వు అడిగి తింటవ్. అదేమడుగుతది?" అంది అక్క.

నాలుగింటికి నలుగురూ వచ్చారు. అక్క గడ్డని లోపలికి జరిపింది. జాకీ వాసన చూశాడు. మెల్లగా లేచాడు. ఒకసారి నాకి, కుయ్యిమని వెనక్కి తగ్గాడు. మళ్లీ వచ్చి, తల వాల్చి, ఎడమ పక్క నుంచే నాకడం మొదలుపెట్టాడు.

"ఇగో చూడుండ్రి, ఒక్క పక్కనే నాకుతున్నది. రెండోపక్క ఏందో గుచ్చుకున్నది" అంది అక్క.

కర్రలు కిందికి దిగాయి. పశువుల దవాఖానా నుంచి కాంపౌండర్ వచ్చాడు. చేతులకి మందపాటి గుడ్డలు చుట్టుకుని, జాకీ నోరు తెరిపించి, అంగిట్లో అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్క బయటికి లాగాడు. "పిచ్చికుక్క గూడ ఒక్కోసారి నీళ్లు తాగుతది. ఇంకోసారి ఇట్ల మీరే తేల్చకుండ్రి" అని మమ్మల్ని తిట్టి మరీ వెళ్లాడు.

ఆ ఎముక జాకీకి వేసింది నేనే. మంగళవారం రాత్రి కూరలోది. ప్రేమగా పిలిచి మరీ వేశాను.

ఆ మాట లైన్లో ఎవరికీ చెప్పలేదు. అక్క మాత్రం కనిపెట్టింది. ఒకసారి నా మొహంలోకి చూసి, "లోపలికి పోయి మొహం కడుక్కో" అంది. చనిపోయేదాకా ఎవరి దగ్గరా ఆ ఊసే ఎత్తలేదు. ఇవాళ నేనే చెప్పేస్తున్నాను.

జాకీ ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. ఫ్రిజ్‌లు మారాయి, ఇల్లు మారింది, కుక్కలు మారాయి. శుక్రవారం బొట్టు మారలేదు. జాకీతో మొదలై ఏటా ఎండాకాలం ఫ్రీజర్లోకి చేరే ఎముకల రసం గిన్నెలూ మారలేదు. బావ చేపలకి మాత్రం చివరిదాకా పర్మిషన్ రాలేదు.

ఇందాక బావ మళ్లీ ఫోన్ చేశాడు.

"ఫ్రీజర్ల రెండు గిన్నెలున్నయి టీచరమ్మా. మొన్న పోసిపెట్టింది. తియ్యబుద్ధి అయితలేదు."

"గేటు దగ్గర కుక్కలున్నాయా బావా?"

"అవ్. మూడున్నయి. పొద్దటి సంది ఆడనే కూసున్నయి."

"అయితే గిన్నె అడుగు నీళ్లలో ముంచి బోర్లించు."

ఫోన్ పెట్టెయ్యకుండా విన్నాను. నీళ్ల చప్పుడు. టప్పుమని ఒకటి.

చాలాసేపటికి ఇంకొకటి.

కమలక్కా, నా జాకీని బతికించావు. నా తప్పు నీ కడుపులోనే దాచుకున్నావు. ఎంతమందికి ఎండ తగలకుండా చూశావో.

ఇక వెళ్లిరా అక్కా. నీ ఆత్మ చల్లగా ఉండాలి.