రోజా మాసంలో పొద్దుటి మాత్ర

గుంటూరు మిర్చి యార్డులో దగ్గనివాడు ఉండడు. కాటా దగ్గర బస్తాలు తూయించే నేను ఒక సీజనంతా దగ్గుతున్నా మిర్చి ఘాటే అనుకున్నాను. ఓ రోజు బస్తా మీద కూర్చుని, లేవబోయి, లేవలేకపోయాను.

"ఏం మస్తాన్ భాయ్, బస్తాని నువ్వు తూస్తున్నావా, బస్తా నిన్ను తూస్తుందా?" అని హమాలీ నవ్వాడు. అంతగా చిక్కిపోయాను; తూస్తే నేనే తేలేవాణ్ణి.

కఫం పరీక్షలో టీబీ అన్నారు. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ. నా భార్య షమీమ్ రిపోర్టు వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. ఆమెకు నెగటివ్. ఆ రోజు ఏడ్చింది, తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది.

టీబీ మందులు కాస్త ఒంటికి పట్టాక హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మాత్రలు మొదలుపెట్టారు. డాక్టరు ఒక్కరే చూస్తారనుకున్నాను. నర్సు, కౌన్సెలర్, ఫార్మసిస్టు అందరూ చేరారు. నా పెళ్లి సంబంధం కూడా ఇంతమంది మాట్లాడలేదు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి, తప్పకూడదన్నారు.

రంజాన్ వచ్చింది. పగలంతా పచ్చినీళ్లయినా ముట్టని రోజా ఉండకపోతే వీధంతా ఎందుకని అడుగుతుంది. తెల్లారకముందు సహరీ తినేది అన్నయ్య కుటుంబంతో కలిసి; వాళ్లకు టీబీ సంగతే తెలుసు, హెచ్‌ఐవీ మాత్రల సీసా వాళ్ల ముందు ఎలా తీయను? పొద్దుటి మాత్ర మానేశాను. షమీమ్‌కీ చెప్పలేదు.

రంజాన్ మధ్యలో షమీమ్‌తో కలిసి మందులకు వెళితే, ఆసుపత్రిలో ఫార్మసిస్టు నా సీసా ఊపి చూశారు. "ఇంకా ఇన్ని ఎందుకు మిగిలాయండీ?"

 ఆయన కౌన్సెలరమ్మను పిలిచారు. ఆవిడ మమ్మల్నిద్దర్నీ డాక్టరుగారి గదిలో కూర్చోబెట్టింది. విషయం చెప్పక తప్పలేదు.

"ఇలా మానితే రెసిస్టెన్స్ వస్తుంది. ఇక ఈ మందు పనిచేయదు," అన్నారు డాక్టరుగారు. నర్సు రాసిన బరువు చూసి, "ఈ ఏడు ఉపవాసం వద్దు," అన్నారు.

"జనానికి ఏం చెప్పనండీ?"

కౌన్సెలరమ్మ షమీమ్ వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

"టీబీ సంగతి అందరికీ తెలిసిందేగా మేడమ్. ఆ మందులకి రోజా వద్దన్నారని నేనే చెప్తా. ఈయనకి దగ్గడం తప్ప చెప్పడం చేతకాదు."

వీధి నమ్మింది. మందు ఇంకా పనిచేస్తుందో లేదోనన్న భయం మాత్రం తర్వాతి సారి ఒంట్లో రక్షణ కణాలు లెక్కగట్టే సీడీ4 రిపోర్టు వచ్చేదాకా నాతోనే పడుకుంది. కౌంటు పెరిగింది. మరుసటి ఏడు డాక్టరుగారిని అడిగే రోజా ఉన్నాను. సహరీకి వెళ్లేముందు మా గదిలోనే షమీమ్ మాత్ర చేతిలో పెట్టేది. రెండోది సాయంత్రం రోజా విప్పి, ఇఫ్తార్ అయ్యాక.

ఇప్పటికీ యార్డులోనే ఉన్నాను. రక్తం తీసిన ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా భయమే. ఒక్క మాట: మాత్ర మానాలనిపిస్తే, మానకముందే మీ ఆసుపత్రి టీంలో ఎవరికైనా కారణం చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే ఇంట్లో మాట్లాడగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. నేనిప్పటికీ అలాగే వెళ్తాను: దగ్గు నాది, మాట ఆవిడది.