నెల్డా క్రూగర్ బండి బేరం

చక్కెర దుంపల కోత ముగిసేసరికి నెల్డా క్రూగర్ ఒళ్ళు హూనమైపోయింది. రోజుకి పన్నెండు గంటల చొప్పున పదహారు రోజులు. లారీలు వచ్చి దుంపలు కుమ్మరిస్తుంటే, మచ్చుకి కొన్ని సంచిలో పట్టి, చీటీ కట్టి పంపడం ఆమె పని. అరవై నాలుగేళ్ళ మనిషి చెయ్యాల్సిన పని కాదది. అయినా అక్టోబరులో ఉత్తర డకోటాకి ఆ పనికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆమె ఈడువాళ్ళే. ట్రైలర్లలో కాపురముంటూ, కోత అవగానే వెచ్చటి దక్షిణానికి దారితీసేవాళ్ళే. నెల్డా, ఆమె మొగుడు ఆర్లో, ఎనిమిదేళ్ళుగా ఆ బాపతే.

ఆఖరి రోజున వాళ్ళ ట్రైలర్ని లాగే పికప్ బండి గేర్‌బాక్సు పోయింది. మెకానిక్ కింద దూరి చూసి, బయటికొచ్చి పెదవి విరిచాడు. "దీనికింక వైద్యం లేదండీ" అన్నాడు. వాళ్ళకి ఇల్లంటే ఆ ముప్పై అడుగుల ట్రైలరే. లాగే బండి లేకపోతే ఆ ఇల్లు కదలదు. కదలకుండా ఉండే వీలూ లేదు. గొట్టాలు గడ్డకడతాయని శుక్రవారం నుంచి ట్రైలర్ల విడిదిలో నీళ్ళు కట్టేస్తారు. పైగా నవంబరు పదో తారీకుకి అరిజోనాలో ట్రైలర్లు నిలుపుకునే ఒక పార్కుకి చేరాలి. చలికాలమంతా అక్కడికొచ్చే ట్రైలర్లవాళ్ళ మంచిచెడ్డలు చూసినందుకు, వీళ్ళకి అద్దె లేకుండా చోటిస్తారు. వేళకి చేరకపోతే ఆ చోటు ఇంకో జంటకి పోతుంది. అంటే శుక్రవారంలోగా బండి దొరకాలి, ఉన్నది నాలుగు రోజులు.

"ఏదో ఒకటి కొనేద్దాం నెల్డా. లాగేది ఏదైతే ఏంటి?" అన్నాడు ఆర్లో.

"ఎనిమిదేళ్ళ కింద కూడా ఇదే మాటన్నావు. అనుభవించింది నేను" అంది నెల్డా.

అయోవాలో ఇల్లమ్మేసి దేశం చూద్దామన్నది ఆర్లో ముచ్చట. నెల్డాకి తన వంటిల్లంటే ప్రాణం, అయినా సరేనంది. అప్పట్లో బండి కొనేముందు ఆర్లో చూసింది రెండు అంకెలు. ఈ బండి ఇంత లాగుతుందని అమ్మేవాళ్ళు పెద్దక్షరాల్లో వేసుకున్నది ఒకటి. ట్రైలరు ఇంతే బరువని దాన్ని చేసినవాళ్ళు చెప్పుకున్నది ఇంకొకటి. రెండోది ఖాళీ ట్రైలరు బరువు. ఖాళీ ట్రైలర్లో ఎవడైనా కాపురముంటాడా? నీళ్ళు, గ్యాసు బండలు, గిన్నెలు, దుప్పట్లు, ఆర్లో ఇనప సామాను, అన్నీ ఎక్కాక పికప్ వెనక్కి కుంగి, ముందు దీపాలు ఆకాశాన్ని చూసేవి. పక్కనుంచి పెద్ద లారీ పోతే చాలు, ట్రైలరు తోక ఊపేది. ఈ ట్రైలర్ల జనంలో నూటికి తొంభై మంది చేసే తప్పే ఇది. ఒప్పుకునేవాడు మాత్రం ఒక్కడూ కనపడడు.

రెండేళ్ళ కింద ఆర్లోకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క నీరసించింది. అప్పటినుంచి స్టీరింగు నెల్డా చేతికొచ్చింది. దాంతోపాటు కొక్కెం తగిలించడం, మురుగు గొట్టం పీకి కడగడం, నిచ్చెనేసుకుని కప్పు మీది పగుళ్ళు పూడ్చడం కూడా వచ్చాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపేది. ఆర్లో పక్క సీట్లో కూచుని, కనపడిన కొండల పేర్లు చెబుతుండేవాడు.

అందుకే ఈసారి నెల్డా ముందు ట్రైలర్ని తూయించింది. పక్క ట్రైలరు రాండల్‌ని బతిమాలి, అతని బండితో లాగించి, హైవే మీద లారీలు తూచే కాటాకి పట్టుకుపోయింది. చీటీలో ఎనిమిదివేల రెండొందల నలభై పౌండ్లని వచ్చింది. అందులో ముక్కు బరువు, అంటే లాగే బండి నడుం మీద పడేది, వెయ్యిన్నీ యాభై.

ఆర్లో చీటీ తిరగేసి చూశాడు. "ఇంత లావెప్పుడయ్యాం?"

"అందులో సగం నీ రెంచీలే" అంది నెల్డా.

మర్నాడు ఊళ్ళో బండ్ల దుకాణానికి వెళ్ళారు. అమ్మే ఆయన పేరు డార్విన్. యాభయ్యేళ్ళ బట్టతల మనిషి, నోరు విప్పితే కోతలే. మెరిసిపోతున్న ఒక పికప్ మీద చెయ్యేసి, "ఇది కొండనైనా లాగేస్తుందమ్మా" అన్నాడు.

"కొండ మాకెందుకండీ? తలుపు తియ్యండి."

తలుపు తీస్తే, నెల్డా సీటు వంక చూడలేదు, రేడియో వంక చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఒంగి, తలుపు చట్రానికి అంటించిన చిన్న స్టిక్కరు చదివింది. మనుషులు, సామాను కలిపి పదమూడొందల తొంభై పౌండ్లు మించకూడదట. ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

"ముక్కు బరువు వెయ్యిన్నీ యాభై. కొక్కెం సరంజామా తొంభై. నేను నూట అరవై అయిదు. ఆర్లో..."

"రెండొందల ఇరవై" అన్నాడు ఆర్లో.

"రెండొందల నలభై."

"పొద్దున ఫలహారానికి ముందు రెండొందల ఇరవయ్యే."

"ఫలహారం మానేసిన పొద్దు ఒక్కటి చెప్పు చూద్దాం" అని, డార్విన్ వైపు తిరిగింది. "మేమిద్దరం ఎక్కేసరికే నూట యాభై అయిదు ఎక్కువైంది. కడుపులోకి ఒక్క ముద్ద పోలేదింకా."

డార్విన్ కూడా ఒంగి స్టిక్కరు చూశాడు. పాతికేళ్ళుగా బండ్లమ్ముతున్నా ఆ స్టిక్కరు అతను అప్పటిదాకా చదివినట్టు లేదు. "అందరూ వీటితోనే లాగుతున్నారు కదమ్మా" అన్నాడు.

"నేనూ లాగాను. ఆ బండి ఇప్పుడు మెకానిక్ దొడ్లో శవంలా పడుంది."

రెండు రోజులు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాళ్ళరిగేలా తిరిగారు. డీజిలు బండ్లు వాళ్ళ డబ్బుకి అందేవి కావు. అందేవి చాలేవి కావు. సాయంత్రం ట్రైలరుకి చేరేసరికి నెల్డాకి తల ప్రాణం తోకకొచ్చేది. డబ్బా సూపు వేడిచేసి, ఇద్దరికీ పోసి, తాగకుండానే కునికిపాట్లు పడేది.

గురువారం పొద్దున్నే డార్విన్ ఫోను చేశాడు. రైతొకడు వాడి ఇచ్చేసిన పెద్ద పికప్ వచ్చిందట. స్టిక్కరు ఫోనులోనే చదివి వినిపించాడు. "రెండువేల అయిదొందలమ్మా! నేనే కళ్ళజోడు పెట్టుకుని చూశా."

వెళ్ళి చూస్తే అబద్ధం కాదు. నెల్డా కింద దూరి చట్రం చూసింది, నూనె చూసింది, ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పుకొచ్చింది. బండి ఏనుగులా నింపాదిగా నడిచింది. ధర కూడా వాళ్ళు అనుకున్న దాంట్లోనే ఉంది. కాగితాల మీద సంతకం పెట్టడానికి ఒక్క అడ్డు కూడా లేదు. సంతోషించాల్సిన చోట నెల్డాకి గుండె బరువెక్కింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

"నువ్వూ ఎక్కి చూడు ఆర్లో" అంది.

ఆర్లో అంతసేపూ డార్విన్‌తో వాన కబుర్లు చెబుతున్నాడు. చేతికర్ర బండికి ఆనించి, తలుపు పట్టుకున్నాడు. సీటు అతని రొమ్ముకి సమానంగా ఉంది. మెట్టుంది, కానీ ఆ మెట్టే మోకాలికి పైన. కుడికాలు పెడదామంటే ఎడమకాలు ఒళ్ళు మొయ్యదు. ఎడమకాలు పెడదామంటే అది లేవదు. ఒకసారి ప్రయత్నించాడు, రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారికి డార్విన్ చంక కింద చెయ్యేస్తే, నెల్డా వెనకనుంచి భుజం ఆనించి తోసింది. గోధుమ బస్తాని ఎక్కించినట్టు ఎక్కించారు. సీట్లో పడి, ఆర్లో రొప్పుతూ నవ్వాడు.

"బాగుంది. పైనుంచి నీ నెత్తి కనపడుతోంది. జుట్టు పల్చబడింది సుమా."

నెల్డా నవ్వలేదు. ఆ మెట్టు మీదే చతికిలబడింది. అరిజోనాకి పద్దెనిమిది వందల మైళ్ళు. గంటన్నరకోసారి ఆయన దిగాలి. దిగినప్పుడల్లా దింపాలి, దింపినప్పుడల్లా ఎక్కించాలి. అక్కడ డార్విన్ ఉండడు. పోనీ, ఎక్కలేకపోయుంటే పీడా పోయేది అనుకుంది, అనుకుని సిగ్గుపడింది. జబ్బు మనిషి గురించి అట్లా అనుకున్నానేంటని తనని తనే తిట్టుకుంది.

"దిగడానికి ఎత్తుపీట తెస్తానుండండి" అని డార్విన్ లోపలికి పరుగెత్తాడు.

పైనుంచి ఆర్లో నెమ్మదిగా అన్నాడు. "నెల్డా, నీకు అలుపు రావట్లేదా?"

ఎనిమిదేళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె తలెత్తి పైకి చూసింది. "వస్తోంది. రెండేళ్ళ నుంచీ వస్తోంది. నీ ముచ్చట కదా అని ఊరుకున్నా."

"నా ముచ్చట పక్షవాతంతోనే పోయింది."

నెల్డా చివాలున లేచి నిలబడింది. "మరి చెప్పవేం?"

"ఇల్లమ్మించింది నేను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వే ఆపుతావేమోనని చూస్తున్నా."

"చూస్తున్నావా? నేను చలిలో మురుగు గొట్టం కడుగుతుంటే, నువ్వు కిటికీలోంచి చూస్తున్నావా? రెండేళ్ళు, ఆర్లో!" ఆమె గొంతు దుకాణమంతా వినపడింది. పీట పట్టుకుని వస్తున్న డార్విన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ముందు దింపు. తిట్లు నేలమీద తింటాను" అన్నాడు ఆర్లో.

దింపారు. దింపాక నెల్డా తిట్టలేదు, ఓపిక లేక. చలికాలానికి ఊళ్ళోనే మెట్లు లేని గదులు రెండు అద్దెకి చూసుకుందామంది. ట్రైలరు ఎవరైనా అడిగితే అమ్మేద్దామంది. ఆర్లో అన్నింటికీ తలూపాడు. తర్వాత ఆమె అరిజోనా పార్కు చూసుకునే మావిస్‌కి ఫోను కలిపి, మోగుతుండగానే ఆర్లో చేతిలో పెట్టింది.

"నేనా? మాట్లాడేది ఎప్పుడూ నువ్వేగా?"

"పోదామన్నది నువ్వు. మానేద్దామన్నదీ నీ నోటితోనే అను."

అవతల మావిస్ పలికింది.  "మావిస్, మేం రావట్లేదమ్మా" అన్నాడు. అటునుంచి ఆమె ఏదో అడిగింది. "వచ్చే ఏడు కూడా రాం. ఏం లేదూ... మా ఆవిడ బాగా అలిసిపోయింది."

నెల్డా అతని మొహంలోకి సూటిగా చూసింది. "నీ సంగతి చెప్పు" అంది.

ఆర్లో ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"నేనే, మావిస్" అన్నాడు. "ఇంక నావల్ల కాదమ్మా."

నెల్డాకి అప్పుడొచ్చింది ఏడుపు.