తలకిందుల సందూగ

ఆ రోజుల్లో ఫోను చూసి నేర్చుకోలేని విద్యంటూ లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, చండ్రుగొండ పక్కన మా ఊళ్లో ఇంటిపట్టున ఉన్నవాడు ఏదో ఒకటి నమ్మాలి కదా! ఏ దేశమో తెలియదు గానీ, ఒక గడ్డం పెద్దాయన ఒక్క మేకు కూడా లేకుండా చెక్కపెట్టె చేస్తుంటే కళ్లార్పకుండా చూసేవాణ్ణి. చూసినంతసేపూ ఆ ఉలి నా చేతిలోనే ఆడుతున్నట్టుండేది. (గట్టుమీద నుంచి ఈత చూసి చెరువులోకి దూకేవాడు నాకన్నా నయం. వాడు ఒక్కడే మునుగుతాడు.)

ఆ ఏడు మా నాయనమ్మ భద్రాచలం రాములవారి కల్యాణానికి గోటి తలంబ్రాలు మొక్కుకుంది. వడ్లను దంచకూడదు, మర పట్టకూడదు. గింజ విరగకుండా ఒక్కొక్కటీ గోటితోనే ఒలవాలి. చలికాలమంతా వాడకట్టు ఆడవాళ్లు మా అరుగుమీద చేరి, రామనామంతో పాటు ఊరి ముచ్చట్లు కూడా (అవే ఎక్కువ) చెప్పుకుంటూ ఒలిచేవాళ్లు. ఆ బియ్యాన్ని ఎలుక ముట్టకుండా దాచడానికి ఆమెకొక సందూగ కావలసివచ్చింది. "ఇల్లందు బజార్ల రేకు పెట్టె దొరుకుతది, తెస్త తియ్" అన్నాడు బాబాయి. నేను చెయ్యెత్తి ఆపాను. "రాములోరి బియ్యానికి రేకు డబ్బానా? నేను చేస్త" అన్నాను. నాయనమ్మ మురిసిపోయింది. పాపం, ఆమెకు అంతవరకే తెలుసు.

గాలివానకు మా కొట్టం పక్క వేపచెట్టు పడిపోతే దాన్నే పలకలు కోయించాను. "పచ్చి చెక్కరా, ఆరనియ్" అన్నాడు బాబాయి. "వేపకు పురుగు పట్టదు బాబాయ్" అని ఆయన అడగని ప్రశ్నకు జవాబు చెప్పాను. రంపం ఒకరింట్లో, చిత్రిక ఇంకొకరింట్లో, ఉలి మరొకరింట్లో అడుక్కొచ్చి పని మొదలుపెట్టాను. నేను పెన్సిలుతో గీసిన గీత ఒకవైపు పోతే రంపం ఇంకోవైపు పోయేది. పక్కనే కూర్చుని వడ్లు ఒలుస్తున్న నాయనమ్మ, "గీత ఎందుకురా గీసుడు? రంపానికి సదువు రాదాయె" అనేది. సుత్తి దెబ్బలు మేకులకు తగలాలి గానీ, నా పెట్టెలో మేకులు లేవు కాబట్టి అన్నీ నా బొటనవేలికే తగిలాయి.

ఎట్లాగో మూలలకు పళ్లు కోసి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి నాలుగు గోడలు నిలబెట్టాను. మూతను గోడలమీద కాకుండా గోడల మధ్యకు, చీమ దూరే సందు లేకుండా దించాను. దానికి ఒక ఇత్తడి కడియం బిగించాను. మూతమీద నా పేరు లోతుగా చెక్కాను. "రాముని పేరు రాస్తవనుకున్న గదరా" అంది నాయనమ్మ. చోటు చాలలేదన్నాను. ఇంత చేసేసరికి నా ఓపిక అయిపోయింది. అడుగెవరు చూస్తారులే అనుకుని, అక్కడ మాత్రం పలకలు పరిచి చిన్న చిన్న మేకులు కొట్టేశాను. (మేకుల్లేని సందూగ అని నేను ఊరంతా చెప్పుకున్నది దీని గురించే.)

ఒలుపు అయిపోగానే నాయనమ్మ బియ్యాన్ని కొత్తబట్టలో మూటకట్టి లోపల పెట్టింది. కల్యాణానికి పోయేదాకా ఎవరూ తెరవొద్దంది. ఎవరూ తెరవలేదు. ఎండలు ముదిరాయి. పచ్చి చెక్క ఎండి, గోడలు లోపలికి వంగి, మూతను బిగించి పట్టేశాయి. ఆ సంగతి భద్రాచలం బస్సు వీధి చివర హారన్ కొడుతుంటే తెలిసింది. గుంజితే కడియం ఊడి నా చేతిలోకొచ్చింది. బాబాయి గునపం తెచ్చాడు. నాయనమ్మ అడ్డంపడింది. "దేవుని బియ్యం మీద గునపం దించుతవా? చెక్కముక్కలు పడ్డ తలంబ్రాలు రాముని నెత్తిన పోస్తరా ఏంది?" అంటూ సందూగ పక్కనే కూలబడి కొంగు కళ్లకద్దుకుంది. ఆమె వేళ్లు ఒలిచి ఒలిచి కాయలు కాసి ఉన్నాయి. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అది చీలేటట్టుంది గానీ నా సందూగ చీలేటట్టు లేదు.

బస్సు మళ్లీ హారన్ కొట్టింది. నాయనమ్మ ముక్కు తుడుచుకుని నావైపు చూసింది.

"అడుగు గూడ గిట్లనే గట్టిగ చేసినవా?"

"లేదు నాయనమ్మా" అన్నాను తలవంచుకుని. "అడుగు సరిగ్గ చెయ్యలే."

"బతికించినవ్ బిడ్డా! జల్దీ తిప్పుండ్రి!"

అందరం పట్టి సందూగను బోర్లించాం. "రామా, నిన్ను గాదయ్యా, నా మనవని పనితనాన్ని తిరగేస్తున్న" అని దండం పెట్టి, నాయనమ్మే మొదటి పలకను చేత్తో లేపింది. అప్పడంలా లేచొచ్చింది. మూటను నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది. నేను కడియం పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను.

నాయనమ్మ తిరిగొచ్చాక సందూగను సరిగ్గా నిలబెడతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు చేసినదాంట్ల తెరుచుకునేది గదొక్కటే" అంది. అడుగు పలకలకే మడతబందులు వేయించి మూత చేసింది. చెదలు పట్టకుండా కింద ఇటుకలు పెట్టించింది. బతికినన్నాళ్లూ అందులోనే బట్టలు దాచుకుంది, మధ్యాహ్నాలు దానిమీదే కునుకు తీసింది.

ఆమె పోయాక కూడా సందూగ అట్లాగే ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు నా పేరు చూడబుద్ధయింది. బొక్కబోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఇటుకల సందులోంచి చూస్తే కనిపించింది. అంత గొప్పగా చెక్కుకున్న పేరు చదవాలంటే నాయనమ్మ సందూగ ముందు సాష్టాంగపడాలి. నవ్వొచ్చింది. ఆమె ఉంటే "ఏందిరా, ఏం పారేసుకున్నవ్?" అని అడిగేది. అడిగేవాళ్లు లేరు గనుక ఇంకాసేపు అట్లాగే పడుకుని ఉన్నాను.