గోళ్ళరంగు గీత

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పట్టుకుని ఊరి బయటికి వస్తే లారీ షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఒకచోట కమాను కట్టలు, ఒకచోట రేడియేటర్లు, ఇంకోచోట బాడీలు కట్టడం. ఎవరి పని వాళ్ళది. ఆ వరసలో చివరి షెడ్డు ఝాన్సీది. స్టీరింగు పని తప్ప ఇంకో పని ఆమె ముట్టదు. "బ్రేకులు కూడా చూడక్కా" అని డ్రైవర్లు బతిమాలితే, "పక్క షెడ్డు సంజీవప్ప బతకొద్దా?" అంటుంది.

ఆమెది తనకల్లు దగ్గర పల్లె. పెళ్ళయి వచ్చిన కొత్తలో మొగుడు లక్ష్మన్నకు మధ్యాహ్నం సంగటి క్యారియర్ తెచ్చివ్వడం వరకే ఆమెకు షెడ్డుతో సంబంధం. ఒకరోజు లారీ కింద పడుకుని ఉన్న లక్ష్మన్న "ఆ లైటు రవ్వంత పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. మరోరోజు స్పానరు అందించింది. తన లావు వేళ్ళు దూరని చోట ఆమె వేళ్ళు దూరుతాయని అతనికి తెలిసిపోయాక ఇక క్యారియర్ ఇచ్చి వెంటనే ఇంటికి పోవడమన్నది లేకుండా పోయింది.

లక్ష్మన్నకు పాఠం చెప్పడం రాదు. ఆమె చేతులు స్టీరింగు మీద పెట్టి, పైన తన చేతులు పెట్టి, బండి కదిలించి, "ఏమంటాంది?" అని అడిగేవాడు.

"బరువుగా ఉండాది."

"అది బరువు కాదు, పట్టేసింది. బరువు వేరే, పట్టేసేది వేరే. మళ్ళా చూడు."

ఆ తేడా చేతికి అందేసరికి చాలా లారీలు వచ్చి పోయాయి. అందాక మాత్రం మరిచిపోలేదు. పెద్ద బండ్ల లైసెన్సు కూడా తీసుకుంది. బాగు చేసిన బండిని తాను నడపకుండా ఇంకొకరి చేతికి ఇవ్వడమేమిటని లక్ష్మన్న పట్టుబట్టి ఇప్పించాడు.

అతనికి ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా నట్టు తనకు నచ్చినట్టు కుదిరిందంటే, నట్టు మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి అడ్డంగా ఒక ఎర్రగీత గీసేవాడు. తర్వాత నట్టు వదులైనా, ఎవరైనా తిప్పినా గీత తెగి కనిపిస్తుంది. మెకానిక్కులు చాలామంది ఇందుకు పెయింటు వాడతారు. లక్ష్మన్న మాత్రం పెళ్ళాం గోళ్ళరంగు వాడేవాడు. మూతకే బ్రష్షు ఉంటుంది, తొందరగా ఆరుతుంది. రాత్రి అద్దం దగ్గర పెట్టిన సీసా తెల్లారేసరికి మాయమయ్యేది.

"నా గోళ్ళకన్నా నీ నట్లకే సింగారం ఎక్కువైపాయ!" అని ఝాన్సీ అరిచేది.

"నీ గోళ్ళు వదులైతే బండి బోల్తా పడదు కదమ్మే" అనేవాడు లక్ష్మన్న.

అతను గీసిన ఆఖరి గీత ఇల్లుబండి మీద ఉంది.

ఇల్లుబండి అంటే ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నారాయణప్ప కట్టించుకున్న క్యారవాన్. పొడుగాటి బస్సు ఛాసిస్ కొని, హిందూపురంలోనే బాడీ కట్టించాడు. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది, వెనక చీరలు పెట్టుకునే అరలు. హుబ్బళ్ళి, బెళగావి దాకా పోయి, అందులోనే పండుకుని, అందులోనే వండుకుని చీరలు అమ్ముకురావాలని అతని ఆలోచన. బండి ముచ్చటగా తయారైంది గానీ స్టీరింగు కుదరలేదు. బరువంతా వెనకపడి ముందు చక్రాలు తేలికైపోయాయి. చిటికెన వేలితో తిప్పినా తిరిగేది. సందుల్లో అది సుఖమే. హైవే మీద గాలి కొడితే మాత్రం అంత ఎత్తు బాడీ తాగినోడిలా తూగేది.

లక్ష్మన్న ఆలోచించి, పంపు నుంచి స్టీరింగు బాక్సుకు పోయే నూనెలో కొంత వెనక్కి మళ్ళిపోయేలా దారిలో ఒక చిన్న వాల్వు పెట్టాడు. దానికొక స్క్రూ, స్క్రూ మీద నట్టు. స్క్రూ బిగిస్తే నూనె వెనక్కి పోవడం తగ్గి స్టీరింగు తేలికవుతుంది. వదిలితే బరువెక్కుతుంది. నారాయణప్ప దగ్గర డ్రైవరుగా ఉన్న తిరుపాల్‌ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి హిందూపురానికీ పెనుకొండకూ మధ్య అటూ ఇటూ తిప్పించాడు. రవ్వంత వదలడం, నడపడం, మళ్ళీ రవ్వంత బిగించడం. ఝాన్సీ కూడా వాళ్ళతోనే ఉంది. చివరికి కుదిరిందన్నాక పెనుకొండ కొండ కింద బండి ఆపి, కొత్త పొయ్యి మీద ఆమె టీ పెట్టింది. లక్ష్మన్న మంచం మీద కూర్చుని ఊగి చూశాడు.

"మనం గూడా ఇట్లాంటి బండిలో ఒకసారి పోదాం ఝాన్సీ. యాడికైనా. షెడ్డు మూసేసి."

"నువ్వు షెడ్డు మూసేటోడివేనా?" అని ఆమె నవ్వింది.

టీ తాగి, బండి కింద దూరి, గీత గీసి వచ్చాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం షెడ్డు గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

అప్పటి నుంచి ఝాన్సీ ఒక్కతే షెడ్డు నడుపుతోంది. లక్ష్మన్న గీతలున్న లారీలు ఒక్కొక్కటే పనికి వచ్చాయి. నట్టు విప్పక తప్పేది కాదు. విప్పినప్పుడల్లా ఒక గీత పోయింది. తనకు తెలిసి ఇల్లుబండి మీదిది ఒక్కటే మిగిలింది. ఆ బండి రోడ్డు మీద పోతూ కనిపిస్తే ఆమె చేతిలో పని ఆపి, కనుమరుగయ్యేదాకా చూసేది.

ఒకరోజు పొద్దున ఆ బండే షెడ్డు ముందుకొచ్చి ఆగింది. తిరుపాల్ దిగాడు. లక్ష్మన్నకు చిన్నప్పటి జతగాడు, ఆమెకు మరిది వరస.

"ఏం తిరుపాలు, దావ తప్పి వచ్చినావా?"

"లేదు వదినా. స్టీరింగు తేలిక చెయ్యాలంట. సావుకారు చెప్పినాడు."

ఝాన్సీ చేతులు గుడ్డకు తుడుచుకుంది. "ఎందుకంట? ఇదే స్టీరింగు పట్టుకుని బెళగావి దాకా పోయినావు కదా. సంగటి తక్కువైందా?"

"ఇప్పుడు ఊర్లలోనే తిరుగుడు ఎక్కువైంది. సందుల్లో తిప్పాల."

"సరే, చూస్తా. ఊరికే బరువెక్కదు, ఏదో ఉంటాది."

ముందు చక్రాల్లో గాలి చూసింది. కొంచెం తగ్గి ఉంది, పట్టించింది. చక్రాల దగ్గర గ్రీజు కొట్టింది. పంపు బెల్టు నొక్కి చూసింది, నూనె చూసింది, ఫిల్టరు మార్చింది. వాల్వు వైపు మాత్రం పోలేదు. చేస్తున్నదంతా చేయవలసిన పనే. కానీ ఆ ఒక్క స్క్రూ దగ్గరికి పోకుండా గడిచిపోవాలనే చేస్తున్నానని ఆమెకు తెలుసు. తిరుపాల్ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు.

"పా, పెనుకొండ దాకా చూసొద్దాం" అని తానే స్టీరింగు ముందు కూర్చుంది.

సోమందేపల్లి దాటి హైవే ఎక్కాక ఆమెకు సంగతి అర్థమైంది. బండికి జబ్బేమీ లేదు. బరువు లక్ష్మన్న పెట్టిన బరువే. మలుపు దగ్గర చక్రం కొంచెం ఎదురు చెప్పి, ఆ తర్వాత మాట విన్నట్టు తిరిగి, వదిలితే నింపాదిగా నడిమికి వచ్చేది. నేర్చుకునే రోజుల్లో తన చేతుల మీదున్న అతని చేతులు కూడా ఇట్లాగే ఉండేవి. తొందరపడితే ఆపేవి, సరిగ్గా పోతే ఊరుకునేవి. ఆమెకు ఇంకా ముందుకు పోవాలనిపించింది. పెనుకొండ, ధర్మవరం, ఆ తర్వాత ఏ ఊరైనా సరే, బండి ఆపకుండా.

"బాగుండాది కదబ్బా. దీన్నేం చెయ్యమంటావు?" అంది.

తిరుపాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాగానే ఉండాది" అన్నాడు.

ఆ గొంతు ఆమెకు నచ్చలేదు. బండి పక్కకు తీసి ఆపింది. "నువ్వు నడుపు."

పెనుకొండ ఊళ్ళోకి తిరిగే మలుపులో చూసింది. తిరుపాల్ కుడిచెయ్యి భుజం పైకి లేవలేదు. ఎడమచేత్తోనే చక్రం లాగాడు. ఆ చెయ్యి గేరుకు పోవలసి వచ్చినప్పుడు చక్రాన్ని మోకాలితో అదిమిపెట్టాడు. మలుపు దాటేసరికి మెడంతా చెమట.

"ఆపు."

ఆపాడు. కొండ కిందే, ఆనాడు టీ తాగిన చోటికి కొంచెం ఇవతల.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది వదినా. భుజం గట్టిపడిపోయింది. రాత్రి ఆ పక్కకు తిరిగి పండుకోలేను."

"ఏడాది! మోకాలితో బస్సు నడుపుతావా, బుద్ధి ఉండాదా నీకు? ఒక్క మాట చెప్పేకేమి?"

తిరుపాల్ స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడిచాడు. "చెప్తే నువ్వు నట్టు తిప్పాల. తిప్పితే అన్న గీత తెగిపోతాది. నేనే అడిగి తెంపించినట్టయితాది. మొన్న ధర్మవరంలో మగ్గాలోళ్ళ సందులో గోడ గీరుకున్నా. స్టీరింగన్నా మార్చుకో, లేకుంటే డ్రైవర్నే మారుస్తా అన్నాడు సావుకారు."

ఝాన్సీ పనిముట్ల పెట్టెలోంచి స్పానరు, స్క్రూడ్రైవరు తీసుకుని, గోనెపట్ట పరిచి బండి కిందికి దూరింది.

గుడ్డతో దుమ్ము తుడిస్తే గీత బయటపడింది. రంగు వెలిసి ఇటుకరాయిలా అయింది గానీ ఎక్కడా తెగలేదు. ఒక కొసన కొంచెం లావు, బ్రష్షు ఎత్తిన చోట సన్నం. ఆమె స్పానరు నట్టుకు తగిలించి, తిప్పకుండా పట్టుకుని ఉండిపోయింది.

పైనుంచి తిరుపాల్ వంగి చూశాడు. "వద్దులే వదినా. సావుకారికి ఏదో ఒకటి చెప్పుకుంటా."

"ఏం చెప్పుకుంటావు? గోళ్ళరంగు కోసం పని పోగొట్టుకున్నానని చెప్పుకుంటావా? మీ అన్న వింటే నిన్నూ నన్నూ ఇద్దర్నీ తన్నుతాడు. జరుగు, వెలుతురు రానీ."

నట్టు తిరిగింది. ఎండిన రంగు పెచ్చు ఒకటి రాలి ఆమె చెంప మీద పడింది. దాన్ని తుడుచుకోలేదు. స్క్రూ బిగించి, నట్టు పట్టించి, బయటికి వచ్చింది.

మళ్ళీ హైవే ఎక్కారు. తిరుపాల్ ముఖం విప్పారింది. "వెన్నలాగుండాది వదినా! రెండేళ్ళ పిల్లోడు గూడా తిప్పుతాడు."

"పిల్లోడికి ఇచ్చే బండా ఇది? చూసి నడుపు."

కొత్త కార్లు మోసుకుపోయే ట్రైలరు ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి ఇల్లుబండి ఒక్కసారి పక్కకు జరిగింది. సరిచేయబోతే ఇంకో పక్కకు ఎక్కువ పోయింది. వెనక అరల్లో ఏవో దొర్లిన చప్పుడు.

"నీ భుజం ఒప్పుకుంటే చాలదు, బండి గూడా ఒప్పుకోవల్ల. పక్కకు తీయి."

మళ్ళీ కింద దూరింది. ఎంత వెనక్కి తిప్పాలో ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. కానీ గీతలో సగం ఇనుము మీద ఉంది, సగం నట్టుతో పాటు పక్కకు పోయింది. ఆ రెండు ముక్కల మధ్య ఎడం చూసింది. లక్ష్మన్న చోటు అక్కడ, తాను తిప్పింది ఇక్కడ. మధ్యలో, అతని చోటుకు కొంచెం దగ్గరగా ఆపింది. చెన్నేకొత్తపల్లి దాకా నడిపించి, ఇంకొక్కసారి వెంట్రుకవాసి కదిపింది. ఆ తర్వాత కొండల మీది గాలిమరల వైపు నుంచి గాలి అడ్డంగా కొడుతున్నా బండి గీత గీసినట్టు పోయింది. తిరుపాల్ రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి.

ధర్మవరంలో ఆ మగ్గాల సందు ముందు ఝాన్సీ దిగి నడిచింది. రెండు పక్కలా ఇళ్ళల్లోంచి మగ్గాల చప్పుడు. తిరుపాల్ మెల్లగా తిప్పాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవకపోయినా, చక్రాన్ని కింది నుంచి పట్టి నెట్టగలిగింది. బండి గోడకు తగలకుండా లోపలికి వచ్చింది. నారాయణప్ప అంగట్లోంచి బయటికి వచ్చి గోడనూ బండినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా తిరుపాలూ, ఈసారి గోడను బతికించినావే!"

"వదిన చేతి చలవ సావుకారూ."

"అయితే రేపు అనంతపురం పోవల్ల. చీరలు ఎక్కించుకో" అని లోపలికి పోయాడు. కొత్త డ్రైవరు మాట ఎత్తలేదు.

ఝాన్సీ వీధి చివరనున్న ఫ్యాన్సీ స్టోరుకు నడిచింది. లక్ష్మన్న పోయినప్పటి నుంచి ఆమె గోళ్ళరంగు కొనలేదు.

"ఎర్రది ఇయ్యమ్మా. మెరుపుల్లేకుండా."

"మీకేనా ఆంటీ?" అంది అంగట్లో పిల్ల, ఆమె గ్రీజు చేతులు చూస్తూ.

"బండికి."

ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక సీసా చేతికిచ్చింది.

మళ్ళీ బండి కింద దూరి, నట్టు మీది నూనె బాగా తుడిచి, కొత్త గీత గీసింది. తన చేతికి లక్ష్మన్న వాటం లేదు, రెండు కొసలూ ఒకే లావు వచ్చాయి. పక్కన తెగిన పాతగీత ముక్కలు అట్లాగే ఉన్నాయి.

"పాతది గీకేద్దునా వదినా? రెండుంటే తికమక" అన్నాడు తిరుపాల్.

"చెయ్యి పెట్టినావంటే ఆ రెండో భుజం గూడా పోతాది. ఆడినుంచే కదా నేను కొలుచుకునింది. ఆసుపత్రికి పోయి భుజం బాగు చేయించుకో. బాగైతే మళ్ళా ఆ గీతకే తిప్పుతా."

తిరుపాల్ తలూపాడు. "ఎక్కు, హిందూపురంలో దింపి వస్తా. సావుకారిని అడిగి ఒకసారి దూరం గూడా పోదాం వదినా. నేను నడుపుతా, నువ్వు మంచం మీద కూచో. అన్న ఆశపడినాడు కదా" అన్నాడు.

ఝాన్సీ బండి తలుపులోంచి లోపలికి చూసింది. మంచం మీద చీరల మూటలున్నాయి. పొయ్యి మీద గిన్నె బోర్లించి ఉంది.

"షెడ్డు ఎవరు మూస్తారబ్బా?" అని, బస్టాండు వైపు నడిచింది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ కొండ వచ్చినప్పుడు చూసింది, పోయేదాకా చూసింది. ఇంటికి చేరి, చేతులు కడుక్కుని, సీసాను అద్దం దగ్గర, మునుపు పెట్టే చోట పెట్టి పడుకుంది.

పొద్దున లేచి చూసింది. సీసా పెట్టిన చోటే ఉంది. మూత బిగించే ఉంది, రంగు దాదాపు నిండుగా ఉంది.

దాన్ని తానే తీసుకుని, పనిముట్ల పెట్టెలో వేసుకుని షెడ్డుకు పోయింది.