గేటు ఎలీషా సీరియల్

ఎలీషాని మా ఊళ్ళో గేటు ఎలీషా అనేవారు. పలాసలో ఒక పాత సినిమా హాలు ఉండేది. దాని నేల టిక్కెట్టు గుమ్మం దగ్గర అతను ఇరవై ఆరేళ్ళు టిక్కెట్లు చింపాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మొదటి అరగంట తలుపు బయటే నిలబడాలి. ఆట అయ్యేముందు తలుపులు తీయడానికి మళ్ళీ బయటికి రావాలి. అందువల్ల ఏ సినిమాకీ అతను మొదలూ చివరా చూడలేదు. నడుమ చూసిన ముక్కకి ముందేం జరిగిందో, తర్వాత ఏమవుతుందో తనే కల్పించుకునేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గోడ నీడన కూర్చుని పిల్లలకి ఆ కథలు చెప్పేవాడట. సినిమా హాల్లో పనిచేసేవాడి పేరు సంఘంలో ఉండకూడదని బాప్టిస్టు చర్చి పెద్దలు ఒకసారి పట్టుబట్టారట. ఆ వారమే పాస్టరుగారి భార్య, కథలో తప్పిపోయిన పిల్ల దొరికిందో లేదో కనుక్కోమని కబురు పంపింది. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఇదంతా అతని భార్య స్వర్ణ నాకు నవ్వుతూ చెప్పింది.

నేను ఉద్యోగం మీద సముద్రం వైపున్న ఎలీషా ఊరు వెళ్ళేసరికి హాలు జీడిపిక్కల గోదాము అయిపోయింది. ఎలీషాకి యాభై తొమ్మిదేళ్ళు. కిడ్నీలు రెండూ పోయాయి. శ్రీకాకుళం తీరాన ఉన్న ఆ ఉద్దానంలో అది వింత కాదు. అక్కడ పిల్లల మార్కులు అడిగినట్టు, కిడ్నీ పరీక్షలో నీకు క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. ఆ జబ్బు ఎందుకు వస్తోందో ఇంకా ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళ వల్లే అని ఊరంతా నమ్ముతుంది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నా భర్తకి విజయనగరంలో ఉద్యోగం, శనివారాలు వస్తారు. నాలుగేళ్ళ కూతురిని పెట్టుకుని ఆ నీళ్ళ మధ్య బతకడం నాకు రోజూ భయమే. తాగే నీళ్ళు డబ్బాలతో కొని, మళ్ళీ కాచి, వడకట్టి పిల్లకి పట్టేదాన్ని.

ఎలీషాది మా ఎదురిల్లు. సోమవారం, గురువారం పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. మిగతా రోజుల్లో మంచం మీద పడుకుని సాయంత్రం నుంచి వచ్చే సీరియళ్ళన్నీ చూసేవాడు.

తిత్లీ తుఫాను గురువారం తెల్లవారుజామున తీరం దాటింది. రెండు వేల పద్దెనిమిది అక్టోబరు పదకొండు. తెల్లారి తలుపు తీస్తే ఊరు ఎక్కడికక్కడ విప్పేసినట్టుంది. ఎప్పుడూ కనబడని సముద్రం కనబడుతోంది, అడ్డుగా ఉండే తోటలన్నీ నేలమీద పడుకున్నాయి కాబట్టి. కరెంటు స్తంభాలు విరిగి వీధిలో పడ్డాయి. పెద్దరోడ్డుకి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లూ కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మనిషి పాకుతూ వెళ్ళాలి.

ఆ రోజు ఎలీషా వంతు. వెళ్ళలేకపోయాడు. ఇక సోమవారం దాకా ఆగాలి. అంతవరకు రోజుకి మూడు గ్లాసుల నీళ్ళు దాటకూడదు. పళ్ళు వద్దు, కొబ్బరినీళ్ళు అసలు ముట్టకూడదు. ఇది డయాలసిస్ చేసే సిస్టరు ఎప్పుడూ చెప్పే మాటే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి అది మూత్రంలో పోతుంది. ఇతనికి పోయే దారి లేదు, ఒంట్లోనే పేరుకుంటుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. గుండె ఆగిపోతుంది.

మా పాపని అందరూ అమ్మడు అంటారు. ఫోనులో బొమ్మలు పెడితే తప్ప నోరు తెరవదు. ఆ అలవాటు చేసింది నేనే. శుక్రవారం మధ్యాహ్నానికి ఫోను చచ్చిపోయింది. సిగ్నలు అంతకుముందే లేదు, మా ఆయన ఎలా ఉన్నారో తెలీదు. చీకటి పడేవేళకి పిల్ల పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఎలీషా తన అరుగు మీంచి పిలిచాడు, పిల్లనీ గిన్నెనీ తెచ్చుకుని ఇక్కడ కూర్చోమని.

అరుగు మీద అప్పటికే గురమ్మ ఉంది. పక్కింటామె, డెబ్భై ఏళ్ళుంటాయి. ఆవిడకి నలభై రెండు కొబ్బరిచెట్లు. మొగుడు పోయాక వాటినే నమ్ముకుని బతికింది. ఒక్కటి మిగల్లేదు. రెండు రోజులుగా ఆవిడా అన్నం ముట్టలేదు. దీపం లేదు. ఎవరి మొహం ఎవరికీ కనబడడం లేదు.

చాలాసేపటికి గురమ్మ తనలో తాను అనుకున్నట్టు, ఆ కోడలు విషం తాగిందో లేదో అంది. బుధవారం సీరియలు అక్కడే ఆగింది.

"తాగలేదు" అన్నాడు ఎలీషా.

"నీకెలగ తెలుసురా?"

"నిన్నటిది నాను సూసినాను."

"నిన్న కరెంటేదిరా, సన్నాసీ?"

"అదే సెప్తన్నాను. ఆళ్ళింట్లోనూ కరెంటు లేదు. సీకట్లో అత్త, ఇసం గిన్నె అనుకుని పాలగిన్నె కోడలికిచ్చీసింది. కోడలు తాగింది పాలే. ఇసం గిన్నె ఇంకా వంటింట్లోనే ఉన్నాది. రేపు అత్త కాఫీ దాంతోనే."

గురమ్మ నవ్వలేదు. కానీ అత్తకి ఆ మాత్రం శాస్తి కావాలి అంది.

అలా మొదలైంది. సీరియల్లో పాలరాతి మేడలో ఉండే ఆ కుటుంబం మీదకి ఎలీషా మా తుఫానునే తోలాడు. పట్టుచీర, వడ్డాణం పెట్టుకుని తిరిగే అత్తగారు బిందె పట్టుకుని నూతి దగ్గర వరసలో నిలబడింది. వెనక ఉన్నవాళ్ళు ఆమెని తోసేశారు. కుట్రలు చేసే ఆడపడుచు ఫోను ఛార్జి అయిపోయి, ఎవరిమీద ఎవరికి చెప్పాలో తెలియక జ్వరం తెచ్చుకుంది. కోటీశ్వరుడైన మామగారు కొవ్వొత్తి కోసం పాలేరు కాళ్ళు పట్టుకున్నాడు. ఎలీషా అన్ని గొంతులూ తనే పలికాడు. గొంతు పెద్దది కాదు, ఆయాసం ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆగేవాడు. సరిగ్గా అక్కడ ఆగితేనే బాగుంటుందన్నట్టు ఉండేది. పక్క అరుగుల మీద వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కింద కూర్చున్నారు. అమ్మడు నోరు తెరుచుకుని వింటోంది. నేను ముద్ద పెడుతూ పోయాను. పదకొండు ముద్దలు తింది.

కథ ఆపగానే గురమ్మ బొండం కొట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అక్కడ అది ఆచారం. ఒంట్లో బాగోనివాడికి ముందు బొండం ఇస్తారు. పైగా కిడ్నీ జబ్బుకి నీళ్ళే కారణమని నమ్మేవాళ్ళకి, కొబ్బరినీళ్ళని మించిన పరిశుభ్రమైన నీళ్ళు లేవు. నేల మీద పడని నీళ్ళు కదా అని గురమ్మ ఎప్పుడూ అంటుంది. ఇప్పుడు నూతుల్లో ఆకులు కుళ్ళుతున్నాయి. బోర్లకి కరెంటు లేదు. తోటల్లో మాత్రం ఎటు చూసినా బొండాలే.

నేను అతని చెవి దగ్గరికి వంగి వద్దని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపి, బొండం అమ్మడికి ఇచ్చాడు.

శనివారం ఊళ్ళో మగవాళ్ళంతా గొడ్డళ్ళతో రోడ్డు కొట్టడానికి వెళ్ళారు. నేను వెళ్ళి, ముందు ఎలీషాని ఎలాగైనా మోసుకుని పలాస చేర్చమని అడిగాను. వాళ్ళు సరేనన్నారు. అతనే ఒప్పుకోలేదు. రోడ్డు కొట్టేవాళ్ళు తనని మోస్తూ పోతే రోడ్డు ఎవరు కొడతారన్నాడు. సోమవారం తన రోజు, అప్పటికి దారి అవుతుంది, ఇంతకుముందు కూడా ఒక వంతు తప్పినా బతికాను కదా అన్నాడు. ఒళ్ళు కూడా పెద్దగా ఉబ్బలేదు. స్వర్ణ అతని కాళ్ళు నొక్కి చూసి, బాగానే ఉన్నాయంది. నేనూ అలాగే అనుకోవాలనుకున్నాను.

ఆ సాయంత్రం వీధి నిండా జనం. గురమ్మ గిన్నెలో చద్దన్నం తెచ్చుకుని, వింటూ తింది. అత్తగారు కూలిన తన మేడ ముందు కూర్చుని గుండెలు బాదుకునే చోట, ఇంతవరకూ ఆమెని తిడుతున్న గురమ్మ తినడం ఆపింది. తర్వాత, పాపం, దానికి మాత్రం ఎవరున్నారు అంది. ఎలీషా వెంటనే కథ మార్చాడు. మేడ కింద దాచిన పాత ఇత్తడి బిందె ఒకటి దొరికిందన్నాడు.

ఆదివారం చర్చికి పైకప్పు లేదు. ఎండలోనే ఆరాధన చేశారు. మధ్యాహ్నం పొయ్యిలోకి ఎండు కొబ్బరి డొక్కలు ఏరుకుందామని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. గోడ వారగా నాలుగు ఖాళీ బొండాలు ఉన్నాయి. కొత్తగా కొట్టినవి.

మంచం దగ్గరికి వెళ్ళి అడిగాను. స్వర్ణ నూతికి వెళ్ళింది. అతను అబద్ధం చెప్పలేదు. అందరూ వెళ్ళాక గురమ్మ మళ్ళీ వస్తుందట, తనే కొట్టి, తాగేదాకా పక్కన నిలబడుతుందట.

"బాబాయ్, వద్దని చెప్పొచ్చు కదా ఆవిడకి."

"దాహం మేడమ్మా. మీకు తెల్దు. మూడు గ్లాసులు నాలిక్కే సాలవు." కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "అదీ కాదు. నలభై రెండు సెట్లు పోనాయి దానికి. ఇయ్యడానికి ఇంకేటున్నాది? సేత్తో పట్టుకొచ్చి నిలబడితే, ఇది ఇసమే గురమ్మా అని ఎలగ సెప్పగలను?"

నేను చెబుతానన్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో పట్టు లేదు.

"దానికి మాత్రం సెప్పకండి. రేపు సోమవారమే కదా. మిసను మీద కడిగీస్తారు, పోతాది."

నాలుగు బొండాల్లో పొటాషియం ఎంత ఉంటుందో నాకు లెక్క తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. రేపటికి దారి అయిపోతుంది కదా అనుకున్నాను. ఇంకో మాట కూడా ఉంది. ఆ సాయంత్రం కథ లేకపోతే నా పిల్ల తినదు.

ఆ సాయంత్రం అతను లేచి కూర్చోలేకపోయాడు. కాళ్ళలో సత్తువ లేదన్నాడు. మంచాన్ని అరుగు మీదికి తెచ్చారు. పడుకునే చెప్పాడు. పేర్లు తారుమారవుతుంటే గురమ్మ దిద్దింది. ఆడపడుచు పేరు కోడలికి పెడితే, ఒరే, నీకు నిద్దరొస్తన్నాది, రేపు సెప్పు అంది. నేను చివరిదాకా అక్కడే కూర్చున్నాను. గురమ్మ బొండం తెస్తే, అతనికి కడుపులో బాగోలేదట, నాకివ్వండని తీసుకుని మా ఇంటికి పట్టుకెళ్ళాను. ఆవిడ నన్ను కొంచెం వింతగా చూసింది.

సోమవారం పొద్దున్న మంచానికి కర్రలు కట్టి ఎనిమిది మంది ఎత్తారు. దారి ఇంకా సగమే అయింది. జీడితోటలు దాటేదాకా మొయ్యాలి, అక్కడ్నుంచి ఆటో. ఎత్తుతుంటే ఒక కుర్రాడు, ఏటి మావా, ఇంత బరువున్నావు అన్నాడు. ఇన్నాళ్ళూ ఆళ్ళ మేడంతా మోసినాను కదరా, అన్నాడు ఎలీషా. అందరూ నవ్వారు. అతని మాట ముద్దముద్దగా వచ్చింది.

పెద్దరోడ్డు కనబడే చోట దించి భుజాలు మార్చుకున్నారు. మళ్ళీ ఎత్తబోయేసరికి అతను లేడు. స్వర్ణ పక్కనే నడుస్తోంది. ఎప్పుడు పోయాడో ఆమెకి కూడా తెలియలేదు.

అదే మంచం మీద వెనక్కి తెచ్చి ఆ మధ్యాహ్నమే సమాధి చేశారు. పెట్టె చేయించడానికి వడ్రంగి రాలేదు, పాత చర్చి బల్లలు విప్పారు. వంతు తప్పడం వల్లే పోయాడని అందరూ అన్నారు. నేను ఏమీ అనలేదు. స్వర్ణ ఒకసారి నా వైపు చూసింది, అడగలేదు. ఆ సాయంత్రం అరుగు మీదికి ఎవరూ రాలేదు. అమ్మడు గిన్నె పట్టుకుని ఎదురింటి వైపు నడుస్తుంటే లోపలికి లాక్కొచ్చాను. తినలేదు. నేనూ ఏదో కథ చెప్పబోయాను. నాకు రాదు.

బుధవారం మూడోరోజు ప్రార్థన. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడానికి పాలు లేవు. గురమ్మ తన తోటలోంచి బొండాలు తెప్పించి, గుమ్మం దగ్గర కూర్చుని కొట్టి ఒక్కొక్కరికీ ఇస్తోంది. వాడు ఉంటే ముందు వాడికే ఇచ్చేదాన్ని అంటోంది. ప్రార్థన అయ్యాక సోములు వచ్చాడు. పక్క వీధి అతను. అతనూ పలాస వెళ్ళేవాడే, మంగళవారం, శుక్రవారం. మంగళవారం వంతుకి వెళ్ళినా ఆ రోజు రద్దీకి చేయించుకోలేక వెనక్కొచ్చాడు. మొహం ఉబ్బి ఉంది. గురమ్మ పెద్ద బొండం చూసి కొట్టి, తాగు, నీకు మంచిది అని చేతికిచ్చింది.

ఎలీషాకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. సోములు బొండం నోటి దగ్గరికి ఎత్తాడు. నేను వెళ్ళి లాక్కున్నాను. నీళ్ళు అతని చొక్కా మీద పడ్డాయి.

కిడ్నీ పాడైనవాళ్ళు ఇది తాగకూడదని, అందరికీ వినబడేలా చెప్పాను. గుండె ఆగిపోతుందని చెప్పాను. చెబుతూ గురమ్మ వైపు చూడలేదు.

కత్తి చప్పుడు ఆగింది.

"మరి ఎలీషా?" అంది గురమ్మ.

స్వర్ణ గోడకి చేరబడి నేల చూస్తోంది.

"ఆడికి తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"తెలిసే తాగినాడా? నాతో సెప్పలేదా?"

గురమ్మ కత్తి కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, కష్టంగా లేచింది. కూలిపోతుందేమోనని నేను ముందుకు వెళ్ళాను. నన్ను పక్కకి తోసింది.

"ఎదవ" అంది. ఎలీషానే అందని మాకందరికీ తెలుసు. "లక్ష్ముడింటికి నిన్న రెండిచ్చినాను. ఆడికీ కిడ్నీయే. రేవు వీధిలో ఇంకిద్దరికి పంపినాను."

చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి దిగి, పడి ఉన్న స్తంభాలు దాటుకుంటూ నడవడం మొదలుపెట్టింది. అమ్మడిని చంకనెత్తుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఆవిడ అప్పటికే దాదాపు పరుగెత్తుతోంది.